విరాళం అడిగే సంస్థను నమ్మొచ్చా? కాగితాలు చెప్పేదెంత, చెప్పనిదెంత

క్లుప్తంగా: రిజిస్ట్రేషన్, పాన్, 80జీ (దాతకు పన్ను మినహాయింపునిచ్చే గుర్తింపు) వంటివి ఒక సంస్థ చట్టం దృష్టిలో ఉందని మాత్రమే చెబుతాయి. డబ్బు ఎటు పోతోందో తెలియాలంటే ఆడిట్ లెక్కలు చూడాలి. వాటిని జనం ముందు పెట్టాలన్న నిబంధన మన దేశంలో చాలా సంస్థలకు లేదు. చేసిన పని వల్ల మేలు జరుగుతోందా అన్నది మూడో ప్రశ్న, దానికి ఏ ధ్రువపత్రమూ జవాబు చెప్పదు. ఈ మూడు ప్రశ్నల్నీ ఒకటిగా కలిపేయడం వల్ల కొందరు దాతలు మోసపోతున్నారు, ఇంకొందరు అందర్నీ అనుమానించి ఇవ్వడమే మానేస్తున్నారు.

బెంగళూరులో ఉద్యోగం చేసుకునే తెలుగువాళ్లకు విరాళాల పిలుపు నాలుగు వైపుల నుంచీ వస్తుంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరిదో ఆస్పత్రి బిల్లు ఫొటో తిరుగుతుంటుంది. మాల్ బయట టాబ్లెట్ పట్టుకుని "ఒక్క నిమిషం సార్" అంటూ కుర్రాళ్లు ఆపుతారు. అక్టోబర్ 2 నుంచి 8 వరకు దాన్ ఉత్సవ్ అనే విరాళాల వారం వస్తే ఆఫీసులో జీతంలోంచి కొంత ఇమ్మని మెయిల్ వస్తుంది. ఇవి కాక సొంతూరి బడి కోసం పూర్వ విద్యార్థులు పెట్టుకున్న ట్రస్టు ఒకటి ఉండనే ఉంటుంది. ఇచ్చే మనసుకు కొదవ లేదు. ఇచ్చిన డబ్బు ఏమైందో తెలియకపోవడమే బెంగ.

ఆ బెంగ ఊరికే పుట్టింది కాదు. స్వచ్ఛంద సంస్థల లెక్కలపై సుప్రీంకోర్టులో నడిచిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సీబీఐ రాష్ట్రాల నుంచి వివరాలు సేకరించి సమర్పించింది. సొసైటీలుగా నమోదైనవి సుమారు 30 లక్షలని, ఏటా లెక్కలు దాఖలు చేస్తున్నవి వాటిలో పదో వంతు కూడా లేవని అందులో తేలింది. లెక్కలివ్వనివన్నీ డబ్బు తినేస్తున్నాయని దీని అర్థం కాదు. పని ఆగిపోయి పేరుకు మాత్రమే మిగిలినవీ వాటిలో ఉంటాయి. కానీ "మాది రిజిస్టర్డ్ సంస్థ" అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో ఆ లెక్కే చెబుతోంది.

రిజిస్టర్డ్ అంటే ఎక్కడ, ఎవరి దగ్గర?

లాభాపేక్ష లేని సంస్థకు మన దేశంలో ప్రధానంగా మూడు రూపాలున్నాయి: ట్రస్టు, సొసైటీ, కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 8 కింద ఏర్పడే కంపెనీ. దాతకు మూడూ ఒకేలా కనిపిస్తాయి. బయటివాళ్లకు ఎంత కనబడుతుందన్న విషయంలో మాత్రం వీటి మధ్య చాలా తేడా ఉంది.

ట్రస్టు డీడ్‌ను ఇల్లు కొన్నప్పుడు వెళ్లే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే రిజిస్టర్ చేస్తారు. ఫలానా వ్యక్తులు ఫలానా రోజున ఈ పత్రం మీద సంతకం చేశారన్నంత వరకే ఆ అధికారి బాధ్యత. ఆ తర్వాత ట్రస్టు ఏం చేస్తోందో చూసే పని ఆయనది కాదు. మహారాష్ట్రలో 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద ఛారిటీ కమిషనర్ ఉంటారు, ట్రస్టులు ఆ కార్యాలయానికి లెక్క చెప్పాలి. కర్ణాటకలో అన్ని ధార్మిక ట్రస్టులకూ వర్తించే అలాంటి వ్యవస్థ లేదు. అందుకే బెంగళూరు ట్రస్టు విషయంలో ఏటా లెక్క అడిగేది ఒక్క ఆదాయపు పన్ను శాఖే అనుకోవచ్చు.

సొసైటీ అయితే 1960 నాటి కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్ట్రార్‌కు ఏటా సభ్యుల జాబితా, లెక్కలు ఇవ్వాలి. సర్వసభ్య సమావేశం జరపాలి. కాగితం మీద ఇది ట్రస్టు కంటే ప్రజాస్వామికం. ఆచరణలో ఎలా ఉందో సీబీఐ లెక్క చెప్పనే చెప్పింది.

సెక్షన్ 8 కంపెనీ సంగతి వేరు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో పేరు కొడితే డైరెక్టర్లెవరో, చివరిసారి లెక్కలు ఎప్పుడు దాఖలు చేశారో కనిపిస్తుంది. 100 రూపాయల ఫీజు కడితే దాఖలైన పత్రాలు ఎవరైనా చూడొచ్చు. కొత్త సంస్థ పెట్టేవాళ్లు కష్టమైనా ఈ రూపాన్నే ఎంచుకున్నారంటే, తెలిసో తెలియకో పదిమంది కళ్లకు కనబడే చోటు ఎంచుకున్నట్టే. అయితే రూపం ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం. లెక్కలు పక్కాగా చూపించే ట్రస్టులు ఎన్నో ఉన్నాయి.

నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీవో దర్పణ్ నంబర్‌ను కొందరు ప్రభుత్వ గుర్తింపు అన్నట్టు కరపత్రాల మీద పెద్ద అక్షరాల్లో వేస్తారు. అది సంస్థ తన వివరాలు నమోదు చేసుకుని తెచ్చుకున్న నంబర్ మాత్రమే. పని బాగుందని నీతి ఆయోగ్ ఇచ్చిన కితాబు కాదు.

80జీ రసీదు, దాని వెనకున్న 10బీఈ

ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే గుర్తింపులు రెండు. 12ఏబీ ఉంటే సంస్థ ఆదాయం మీద పన్ను మినహాయింపు ఉంటుంది. 80జీ ఉంటే దాతకు మినహాయింపు వస్తుంది. ఒకప్పుడు వీటిని ఒకసారి తెచ్చుకుంటే శాశ్వతంగా ఉండిపోయేవి. 2021 ఏప్రిల్ నుంచి అందరూ మళ్లీ నమోదు చేసుకోవలసి వచ్చింది, గుర్తింపుకు గడువు కూడా పెట్టారు. కాబట్టి పాత తేదీ ఉన్న 80జీ సర్టిఫికెట్ జిరాక్స్ ఇప్పుడు దేనికీ పనికిరాదు. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన ఆదాయపు పన్ను చట్టం 2025లో సెక్షన్ల నంబర్లు మారినా, జనం నోట ఉన్నవి పాత పేర్లే కనుక ఇక్కడ వాటినే వాడటం జరిగింది.

ఈ మార్పుల్లో దాతకు నిజంగా అక్కరకొచ్చేది ఫారం 10బీడీ. ఎవరెంత ఇచ్చారో పాన్ వివరాలతో సహా సంస్థ ఏటా మే 31లోగా శాఖకు చెప్పాలి. ఆ వివరాల ఆధారంగా దాతకు 10బీఈ అనే సర్టిఫికెట్ వస్తుంది. ఇది రాకముందు రసీదుల వ్యాపారం సులువుగా సాగేది. లక్ష రూపాయల చెక్కు తీసుకుని, కమిషన్ పట్టుకుని మిగతాది నగదుగా తిరిగిచ్చేసి, లక్షకు రసీదు రాసిచ్చే సంస్థలుండేవి. ఇరువైపులా లెక్క పోల్చి చూసే దారి శాఖకు ఉండేది కాదు. ఇప్పుడు దాత రిటర్నులో చూపిన మొత్తం, సంస్థ చెప్పిన మొత్తం పక్కపక్కనే కనబడతాయి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి 80జీ మినహాయింపు లేకపోవడం కూడా ఈ దారిని మూయడానికే.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. కొత్త పన్ను విధానంలో 80జీ మినహాయింపు లేదు. ఐటీ ఉద్యోగుల్లో చాలామంది అటు మారిపోయాక 10బీఈ ఎందుకులే అని అడగడమే మానేశారు. పన్ను తగ్గకపోయినా అడగాలి. ఎందుకంటే అది వచ్చిందంటే ఆ విరాళం సంస్థ లెక్కల్లోకి ఎక్కిందని, శాఖకు తెలిసిందని రుజువు. చేతిరాత రసీదు ఒక్కటే ఇచ్చి, జూన్ వచ్చినా 10బీఈ మాట ఎత్తకపోతే ఆ డబ్బు అధికారిక ఖాతాలో పడిందా అన్న అనుమానం సహజం.

లెక్కల పుస్తకంలో ఏ గీత దగ్గర ఆగాలి

దాత ముందుండే కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది ఆడిటర్ సంతకం చేసిన ఆదాయ వ్యయ పట్టిక. దాన్ని చదవడానికి సీఏ కానక్కర్లేదు. మురికివాడ పిల్లలకు సాయంత్రం బడి నడిపే ఒక సంస్థను ఊహించుకుందాం. ఏడాది ఆదాయం 60 లక్షలు. ఖర్చుల వైపు టీచర్ల జీతాలు 24 లక్షలు, అద్దె 9 లక్షలు, కార్యక్రమ ఖర్చులు 14 లక్షలు, ప్రయాణాలు 4 లక్షలు, కన్సల్టెన్సీ ఫీజులు 6 లక్షలు. మిగులు 3 లక్షలు.

చాలామంది చూపు ముందు జీతాల మీద పడుతుంది, 40 శాతం జీతాలకేనా అని నొచ్చుకుంటారు. చదువు చెప్పే సంస్థకు టీచర్ జీతమే అసలు పని. అక్కడ తప్పు పట్టేదేమీ లేదు. ఆగాల్సింది అద్దె దగ్గర. ఆ భవనం ఎవరిది? ట్రస్టీ సొంత ఇల్లయితే, చుట్టుపక్కల అద్దెలతో పోలిస్తే ఎక్కువ ఇస్తున్నారా? ట్రస్టీలకో వాళ్ల బంధువులకో సంస్థ డబ్బుతో అనుచిత లాభం కలిగితే మినహాయింపు పోతుందని పన్ను చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. అలాంటి చెల్లింపుల వివరాలు ఆడిట్ నివేదికలో చూపాలి కూడా. తర్వాత కన్సల్టెన్సీ ఫీజులు. ఎవరికి, దేనికి? ఆ తర్వాత "కార్యక్రమ ఖర్చులు" అన్న ఒకే గీత కింద 14 లక్షలు. విడి వివరాలతో అనుబంధ పట్టిక జతచేయకపోతే ఆ గీత కింద ఏదైనా దాక్కోవచ్చు.

మిగులు ఉండటం తప్పు కాదు. ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే సేవకు ఖర్చు పెట్టాలని, 15 శాతం వరకు దాచుకోవచ్చని నిబంధన ఉంది. పై లెక్కలో 9 లక్షల దాకా వీలుంది, మిగిలింది మూడే. చేతిలో ఏమీ లేని సంస్థ ఒక్క దాత తప్పుకుంటే జూన్‌లో బడి తెరవలేకపోతుంది.

ఒక్క ఏడాది లెక్క కంటే మూడేళ్ల లెక్కలు పక్కపక్కన పెడితే ఎక్కువ తెలుస్తుంది. ఆదాయం రెట్టింపై చదివే పిల్లల సంఖ్య అలాగే ఉంటే ఎందుకో అడగాలి. ఆడిటర్ ఏటా మారుతుంటే కూడా అడగాలి.

అమెరికాలో ఈ తిప్పలు ఇన్ని లేవు. అక్కడ పన్ను మినహాయింపు పొందే సంస్థల్లో ఎక్కువ భాగం ఏటా దాఖలు చేసే ఫారం 990ను ఎవరైనా చూడొచ్చు, ముఖ్య అధికారుల జీతాలతో సహా. మన దగ్గర అలాంటి సమాచారం పన్ను శాఖకు చేరుతుంది, దాతకు చేరదు. దాంతో సంస్థ తనంతట తాను వెబ్‌సైట్లో పెడుతుందా లేదా అన్నదే పెద్ద గీటురాయి అయింది. ఆడిట్ లెక్కలు పంపమని మర్యాదగా ఒక మెయిల్ రాసి చూడటం మంచి పరీక్ష. చక్కగా నడిచే చిన్న సంస్థలో పీడీఎఫ్ రావడానికి వారం పట్టొచ్చు. "మమ్మల్ని అనుమానిస్తున్నారా" అని జవాబొస్తే ఆ జవాబే చాలు.

ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని 2019లో డీఏవీ కాలేజ్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి చోట దరఖాస్తు చేసే దారి కూడా ఉంది.

"మీ రూపాయి మొత్తం పిల్లలకే" అనే ప్రకటన

ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం, కరెంటు బిల్లు లేని సంస్థ లేదు. మరి వంద శాతం సేవకే అన్న మాట ఎలా నిజమవుతుంది? ఒక దారి, పాలనా ఖర్చును ఒక పెద్ద దాత విడిగా భరించడం. అప్పుడు ఆ మాట నిజమే, అయితే ఆ దాత ఎవరో చెప్పాలి. రెండో దారి, మేనేజర్ జీతాన్ని కార్యక్రమ ఖర్చులో కలిపి చూపడం.

రెండో దారికి నిబంధనలు కూడా కొంత కారణం. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏకు 2020లో తెచ్చిన సవరణ పాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే సీఎస్‌ఆర్ ఖర్చులోనూ కంపెనీ పాలనా వ్యయం 5 శాతం దాటకూడదు. పైనుంచి ఇంత బిగిస్తే కింద సంస్థలు అకౌంటెంట్‌ను తీసేసి ఎవరో వాలంటీర్‌తో లెక్కలు రాయిస్తాయి. దాత కోరే పారదర్శకతకు తొలి దెబ్బ అక్కడే తగులుతుంది. అమెరికాలో స్వచ్ఛంద సంస్థల్ని బేరీజు వేసే గైడ్‌స్టార్, ఛారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ మూడూ కలిసి 2013లో దాతలకు బహిరంగ లేఖ రాశాయి. పాలనా ఖర్చు శాతం ఒక్కటే చూసి సంస్థను తూకం వేయొద్దన్నది అందులోని సారం. ఆ శాతాలు అలవాటు చేసినవాళ్లే ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

అసలు పోలికే సరిగ్గా ఉండాలి. బియ్యం పంచే సంస్థకు సరుకు ఖర్చే ఎక్కువ, మనుషుల ఖర్చు తక్కువ. గృహహింస బాధితులకు న్యాయసహాయం చేసే సంస్థకు దాదాపు అంతా మనుషుల ఖర్చే. ఈ రెండిటి శాతాలూ పక్కపక్కన పెట్టి ఒకటి నిజాయితీగలది, ఇంకొకటి కాదు అనడం అన్యాయం.

పిల్లల హోములు: ఫొటోలే తొలి హెచ్చరిక

పుట్టినరోజున అనాథాశ్రమానికి వెళ్లి భోజనం పెట్టడం బెంగళూరు తెలుగు కుటుంబాల్లో బాగా నాటుకున్న అలవాటు. పెట్టే చెయ్యి మంచిదే. కానీ చట్టం అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నదీ, దాతలు అన్నిటికన్నా తక్కువ పట్టించుకునేదీ ఈ రంగమే.

సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ఏ సంస్థ అయినా జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 41 కింద విడిగా నమోదు కావాలి. ట్రస్టు రిజిస్ట్రేషన్ ఉంది, 80జీ ఉంది అంటే సరిపోదు. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. పిల్లల్ని చేర్చుకోవడం కూడా నిర్వాహకుల ఇష్టం కాదు, జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఆదేశం ఉండాలి. ఆ ఆదేశాలు ఉన్నాయా అని దాత అడగొచ్చు, అడగాలి కూడా. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోనూ వాకబు చేయొచ్చు.

ఇదే చట్టం 74వ సెక్షన్ ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి పేరు, ముఖం, "వీడి నాన్న జైల్లో ఉన్నాడు" అన్న కథతో సహా పిల్లవాడి వీడియో పెట్టి విరాళం అడిగే హోమ్ చట్టాన్ని మీరుతోంది. దాతను కదిలించేది ఆ ముఖమే, అనుమానించాల్సిందీ అదే. దాత కూడా కేకు కోస్తూ పిల్లలతో దిగిన ఫొటోను స్టేటస్‌లో పెట్టకూడదు.

హోములో చేర్చడం చివరి మార్గం కావాలన్నది ఆ చట్టం సూత్రం. కన్నవాళ్లలో ఒకరు బతికే ఉండి, ఇల్లు గడవక చేరిన పిల్లలూ ఈ హోముల్లో ఉంటారు. మంచి హోమ్ వాళ్లలో ఎంతమందిని తిరిగి ఇంటికి పంపగలిగామో చెబుతుంది. పోయినేడు 40 మంది, ఈ ఏడు 70 మంది అని పెరుగుదలను విజయంగా చూపే హోమ్‌ను ఇంకా ఎక్కువ ప్రశ్నలు అడగాలి.

వృద్ధాశ్రమాల్లో సమస్య ఇంకో రకం. శని, ఆదివారాల్లో బిర్యానీ ప్యాకెట్లు మిగిలిపోతాయి. బుధవారం నాటి పప్పు, గ్యాస్ సిలిండర్, రాత్రి డ్యూటీ ఆయా జీతం, బీపీ మాత్రలకు దాత ఉండడు. ఇలాంటి ఖర్చుల జాబితా విప్పి చెప్పే సంస్థ తన పని తనకు తెలిసిన సంస్థ.

పని జరిగింది సరే, మేలు జరిగిందా?

నిజాయితీగా నడిచే సంస్థ డబ్బు కూడా వృథా కావచ్చు. దీనికి తెలుగు నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, బెంగళూరు కేంద్రంగా పనిచేసే అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఉమ్మడి రాష్ట్రంలోని పల్లె బడుల్లో 2005 నుంచి కొన్నేళ్లు వరస అధ్యయనాలు చేశాయి. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ వాటికి నాయకత్వం వహించినవారిలో ఒకరు. వాటిలో ఒకదానిలో కొన్ని బడులకు నోటుపుస్తకాలు, స్టేషనరీ వంటివాటి కోసం అదనపు నిధి ఇచ్చారు. మొదటి ఏడాది ఆ సాయం వస్తుందని ఇళ్లలో ముందుగా తెలియదు, పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది ముందే తెలియడంతో తల్లిదండ్రులు చదువు మీద తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఆ నోటుపుస్తకాలు వృథా అయ్యాయని కాదు. పేద ఇంటికి కొంత డబ్బు మిగిలింది, అది మరో అవసరానికి పనికొచ్చింది. కానీ "పిల్లల చదువు మెరుగుపరిచాం" అని మాత్రం చెప్పుకోలేం. ఎన్ని బ్యాగులు పంచామన్నది పని లెక్క. ఎంతమంది పిల్లలు ఇప్పుడు తడబడకుండా ఒక పేరా చదవగలుగుతున్నారన్నది ఫలితం లెక్క. వార్షిక నివేదికలో మొదటిది నిండుగా ఉండి రెండోది ఎక్కడా కనబడకపోతే మోసం జరిగిందని కాదు, కొలవడం లేదని అర్థం. అనుకున్నది జరగలేదు, ఫలానా కార్యక్రమం ఆపేశాం అని ఒక్క చోటైనా రాసిన నివేదికకు ఎక్కువ విలువ ఇవ్వొచ్చు.

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పర్యవేక్షణలో, సేవా సంస్థలు నిధులు సేకరించుకునే వేదికగా మొదలైన సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఉద్దేశం కొంతవరకు ఇదే. అందులో చేరిన సంస్థలు ఏటా తమ పని ప్రభావంపై నివేదిక ఇవ్వాలి. 2023 డిసెంబర్‌లో దాని మీద మొదట లిస్టయింది బెంగళూరు సంస్థే, యువతకు ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే ఎస్‌జీబీఎస్ ఉన్నతి ఫౌండేషన్. అయితే ఈ కట్టుబాట్లు మోయగలిగేవి కాస్త పెద్ద సంస్థలే. పది మంది వికలాంగ పిల్లలకు ఫిజియోథెరపీ చేయించే వీధి చివరి సంస్థ అక్కడ కనిపించదు.

నెలనెలా కోత, సొంతూరి ట్రస్టు

మాల్ బయట ఆపే కుర్రాళ్లు చాలాసార్లు ఆ సంస్థ ఉద్యోగులు కారు, విరాళాలు సేకరించి పెట్టే ఏజెన్సీ మనుషులు. మొదటి కొన్ని నెలల విరాళంలో కొంత ఆ సేకరణ ఖర్చుకే పోతుంది. ఇది మోసం కాదు, కానీ అక్కడికక్కడే కార్డు వివరాలిచ్చి ఆటో డెబిట్‌కు ఒప్పుకోనక్కర్లేదు. సంస్థ పేరు రాసుకుని, ఇంటికెళ్లి పన్ను శాఖ జాబితాలో చూసి, నేరుగా సంస్థ ఖాతాకే పంపొచ్చు. ఇప్పటికే ఒప్పుకున్నవాళ్లు యూపీఐ యాప్‌లోనో బ్యాంకు ద్వారానో ఆ ఆటో డెబిట్ అనుమతిని (మాండేట్) రద్దు చేసుకోవచ్చు.

అందరూ తెలిసినవాళ్లే అనే ధీమాతో ఏ పరీక్షా చేయని చోటు సొంతూరి ట్రస్టు. తెలిసినవాళ్లు కావడం బలమే, ఊరికి వెళ్లినప్పుడు బడి గోడ కట్టారో లేదో కళ్లారా చూడొచ్చు. కానీ విరాళాలు ఒకరి సొంత ఫోన్‌పే నంబర్‌కు వెళ్లడం, ట్రస్టీలంతా ఒకే ఇంటివాళ్లు కావడం అక్కడ మామూలు. కాదు అని చెప్పగలిగే మనిషి ఒక్కరైనా బోర్డులో లేకపోతే పెద్ద మనసుతో మొదలైన సంస్థ కూడా దారి తప్పుతుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్య దగ్గర కూడా తీసుకుందాం అన్నప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అన్నయ్య అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండి, ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా ఉంటేనే తీసుకోవాలి. అనుమతి లేకుండా తీసుకుంటే చట్టాన్ని మీరినట్టే, తమ్ముడి ఖాతా గుండా తిప్పి పంపడం దానికి పరిష్కారం కాదు.

ఊరి ట్రస్టులో చేరబోయేవాళ్లు, పెద్ద మొత్తం ఇవ్వబోయేవాళ్లు డీడ్ కాపీ అడిగి చివరి పేజీలు చదవాలి. కొత్త ట్రస్టీలను ఎవరు నియమిస్తారు, ఖాతా మీద ఎన్ని సంతకాలు కావాలి, సంస్థ మూతపడితే ఆస్తి ఎవరికి పోతుంది అన్నవి అక్కడ ఉంటాయి. ఆస్తి అదే ఉద్దేశమున్న మరో ధార్మిక సంస్థకే చెందాలని రాసి ఉండాలి. ఆ క్లాజు లేకపోతే, లేదా వ్యవస్థాపకుడి వారసులకని రాసి ఉంటే, దాన్ని దిద్ది మళ్లీ రిజిస్టర్ చేయించేదాకా స్థలమో భవనమో ఆ ట్రస్టు పేర రాయకూడదు.